వలిసె పూల కొండ మీద తెల్లకాగితం

ఫోన్లో ఫొటో తియ్యగానే ఆకాశం నీలంగా, ఆకు పచ్చగా దానంతటదే సర్దుకునే రోజులు మీవి. కాబట్టి నేను చెప్పబోయేది మీకు కొంచెం విడ్డూరంగా ఉండొచ్చు. కొండల ఫొటోలకి రంగు సరిచెయ్యడం నేర్చుకోడానికి నాకు దాదాపు ఒక కార్తీకమాసమంతా పట్టింది. అప్పటికి నా వయసు యాభై దాటింది. రంగుల విషయంలో నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదన్న పొగరు కూడా నిండుగా ఉండేది.

ఆ పొగరుకి కారణం నా ఉద్యోగం. మాది గునుపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. చదువయ్యాక రాయగడ దగ్గర కాగితం మిల్లులో, పరీక్షల ల్యాబులో చేరాను. నా సర్వీసంతా అక్కడే గడిచింది. మెషీన్ మీంచి రీలు దిగగానే ఒక ముక్క కోసి ల్యాబుకి పంపేవారు. ఒకరు బరువు చూసేవారు, ఒకరు తేమ చూసేవారు. నాకు అప్పజెప్పింది తెలుపు. దానికి యంత్రం ఉంది, అంకె చూపిస్తుంది. కానీ అంకె సరిగ్గా ఉండి కూడా కాగితం మాసినట్టు కనబడిన రోజులుంటాయి, అప్పుడు నా కన్ను ఏమంటే అదే. మాకు పసుపు ఛాయ అంటే శత్రువు. గుజ్జుకి ఎంత కడిగినా కొంచెం పసుపు మిగులుతుంది. అది కనబడకుండా చివర్న చిటికెడు నీలం కలుపుతారు, తెల్లచొక్కాకి నీలిమందు పెట్టినట్టే. ఎవరైనా శుభలేఖ తెచ్చిస్తే పెళ్ళికూతురి పేరు చదవకముందే కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూతి విరిచేదాన్ని. మా ఆయన నన్ను పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళాలంటే జంకేవారు.

ప్రతి కొత్త సంవత్సరానికి మిల్లు అందరికీ క్యాలెండరు ఇచ్చేది. కాగితం మాదే. బొమ్మలు మాత్రం ఏ దేశానివో మంచుకొండలు. ప్రెస్సువాళ్ళ దగ్గర సిద్ధంగా ఉండే బొమ్మలు అవి, ఎవరూ అడగలేదు, వాళ్ళూ మార్చలేదు. కాలనీలో ఏ క్వార్టర్లోకి వెళ్ళినా గోడ మీద అవే. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఆ మంచు కింద కూర్చుని విసురుకునేవాళ్ళం.

ఎలక్ట్రికల్ డిపార్టుమెంటులో ఒకాయన ఉండేవాడు. విజయనగరం వైపు పల్లె నుంచి కుర్రతనంలోనే మిల్లుకి వచ్చినవాడు. నేను అన్నియ్యా అని పిలిచేదాన్ని. నాకు జుట్టు నెరిసినా ఆయనకి నేను 'అమ్మి'నే. రాయగడలో పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరొకాయన దుకాణం మూసేస్తుంటే మంచి కెమెరా ఒకటి తెచ్చుకుని, సెలవు దొరికితే చాలు మోటారుసైకిలు వేసుకుని కోరాపుట్ కొండల మీద పడేవాడు. తీసిన ఫొటోలు ఎవరికీ పెద్దగా చూపించేవాడు కాదు. అలాంటి మనిషి ఒకరోజు ల్యాబుకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మీ, ఈ యేడు కేలండర్లో మన కొండలెయ్యమని మిల్లు పెద్దసారునడిగేను. ముందు నమూనాలు సూపించు, సూద్దాం అన్నాడు. బాగోకపోతే మళ్ళీ ఆ మంచు కొండలే."

"మంచిదే కదా అన్నియ్యా."

"మంచిదే. కానీ నా పొటోలు కెమేరాలోంచి వొచ్చినట్టుంటే సప్పగా ఉన్నాయి. రంగు దిద్దాల. రంగు సూసే కన్ను ఈ మిల్లులో నీకే ఉంది."

నాకు ఆ మాట ఎంత రుచించిందో చెప్పలేను. అయినా బెట్టు చేసి, ఇంత హడావుడి ఎందుకన్నాను. అప్పుడు చెప్పాడు వాళ్ళ అప్ప సంగతి.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అప్పే. ఆవిడకి బస్సు పడదు, ఎక్కితే వాంతులు. ఊరు దాటి ఎరగదు. ఈయన ఏటా పట్టుకెళ్ళిన క్యాలెండరు చూసి, తమ్ముడు పనిచేసే ఊరు అదేననుకుంది. మంచులో తిరుగుతున్నాడని బెంగ పెట్టుకుంది.

"మొదట్లో నవ్వులాటకి ఊరుకున్నాను. తరవాత కాదని సెప్తే నమ్మనేదు. కంపెనీవోలు అచ్చేసింది అబద్దమేటి, నువ్వు సెప్పింది నిజమేటి అంటాది. సెల్లులో సూపిస్తే దానికి ఆనదు, సిన్న బొమ్మ కదా. డిసెంబరాకరికి నా సర్వీసయిపోతాది. ఇంక ఈ యేడే. నాను ఇన్నేళ్ళు ఎక్కడ బతికేనో అప్ప ఒక్కసారి సూడాల అమ్మీ."

అంత పెద్ద మనిషి అలా అడిగితే కాదనడానికి నోరు రాదు. సరేనన్నాను.

ల్యాబు ల్యాప్‌టాప్‌లో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. దాన్ని ఇంటికి తెచ్చుకుని సాయంత్రాలు హిందీ వీడియోలు చూసి నేర్చుకునేదాన్ని. వెలుతురు పెంచే మీట, తగ్గించే మీట, పసుపు నుంచి నీలానికి జరిపే మీట, ఇలా తెర పక్కన వరసగా ఉంటాయి. ఒకటి జరిపితే ఇంకొకటి చెడేది. ఆకాశం బాగుపడితే గడ్డి పాడయ్యేది. చివరికి ఒక పనిముట్టు దొరికింది. కళ్ళలో మందు వేసే చుక్కల గొట్టంలా ఉంటుంది దాని బొమ్మ. ఫొటోలో ఏది తెల్లగా ఉండాలో దాని మీద నొక్కితే, మిగతా రంగులన్నీ ఆ తెలుపుని బట్టి సర్దుకుంటాయి. అది చూడగానే ఇంక నాకు తిరుగులేదనుకున్నాను. తెలుపు నా సొంత సరుకు కదా!

అన్నియ్య ఫొటోల్లో సగం తెల్లవారుజామువే. ప్రతిదాంట్లోనూ లోయలో పొగమంచు ఉంది, అది కాస్త పసుపుగా, కాస్త మురిగ్గా ఉంది. పొగమంచు తెల్లగా ఉండాలి కదా అని దాని మీద నొక్కాను. ఎంత శుభ్రంగా వచ్చిందో! పసుపు ఛాయ ఎక్కడ కనబడితే అక్కడ లాగేశాను. ఇంకా చాలదనిపించిన చోట చిటికెడు నీలం కలిపాను. మిల్లులో చేసిన పనే ఇంట్లో చేస్తున్నట్టుగా హాయిగా సాగింది. ఒక్క కొట్పాడ్ ఫొటో మాత్రం మొండికేసింది. అక్కడ నేతగాళ్ళు చెట్టు వేళ్ళ రంగులో ముంచిన నూలు ఆరబెట్టుకున్న ఫొటో అది. ఆ ఎరుపు మరీ నల్లగా ఉందని దాన్ని తేటగా చేశాను.

ఆదివారం సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని అన్నియ్య క్వార్టర్‌కి వెళ్ళాను. వదిన పకోడీలు పెట్టింది. మెచ్చుకోలు వింటూ తిందామని ఒకటి చేతిలోనే ఉంచుకున్నాను.

ముందు కొట్పాడ్ నూలు చూపించాను. వదిన తల ఒకవైపు వంచి చూసి లోపలికెళ్ళింది. పెట్టెలోంచి తన కొట్పాడ్ చీర తెచ్చి తెర పక్కన పరిచింది. ముదిరిన బెల్లంపాకంలాంటి ఎరుపు ఆ చీరది.

"ఇది కొట్పాడ్ రంగేటి? ఇది తీర్తంలో అమ్మే రిబ్బన్ల రంగు" అంది.

అన్నియ్య కొండల ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోయాడు. మొత్తం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగున్నాయమ్మీ" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కానీ మళ్ళీ నువ్వా మంచు కొండల్నే సేసీసేవు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పొగమంచు తెల్లగా ఉండక మరెలా ఉంటుందన్నాను. నీ కెమెరా పాత సరుకు, దానికి పసుపు జబ్బు ఉందన్నాను. అన్నియ్య వాదించే రకం కాదు, తల ఊపుతూ కూర్చున్నాడు. దాంతో ఇంకా రేగిపోయి ఒక మాట అనేశాను. "మా ల్యాబులో తెలుపుకి ప్రమాణంగా పెట్టుకునే కాగితం ఉంది. అది పట్టుకుని నేనే ఆ కొండకొస్తాను. ఆ కాగితాన్ని కూడా కలిపి ఫొటో తియ్యి. ఆ కాగితం మీద నొక్కితే ఏ రంగొస్తే అదే నిజం. అప్పుడు మాట్లాడదాం."

"సరే, ఎల్దుం" అన్నాడు, అదేదో వనభోజనాల కబురైనట్టు.

మరుసటి శనివారం ముగ్గురం రైలెక్కి కోరాపుట్ వైపు వెళ్ళాం. వదిన పిన్ని కూతురు లక్ష్మీపూర్ దగ్గర ఉంటే వాళ్ళింట్లో పడుకుని, చీకటి ఇంకా వదలకముందే జీపులో కొండకి బయల్దేరాం. నా సంచిలో ప్రమాణం కాగితం ఉంది, మాయకుండా రెండు అట్టల మధ్య పెట్టుకున్నాను. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. వదిన ఫ్లాస్కులో టీ పోసిచ్చి, "కాయితం కోసం ఇంత సలిలో వొచ్చినోల్లు మనమే" అని నవ్వింది.

జీపు ఆగిన చోట కొండవాలంతా వలిసె చేలు, పసుపు పూలు పూసే నూనెగింజల పంట. ఒడియా వాళ్ళు అలసి అంటారు. పూలు విరగబూశాయి గానీ ఆ వెలుతురులో వాటికింకా రంగు రాలేదు, బూడిద రంగు దుప్పటి పరిచినట్టుంది. కింద లోయ కనబడదు, అంతా పొగమంచే. అవతల కొండలు ఒకదాని వెనక ఒకటి. అన్నియ్య కెమెరాని స్టాండు మీద బిగించాడు. నేను నాలుగడుగులు ముందుకెళ్ళి చేను గట్టు మీద నిలబడి, కాగితం తీసి రెండు చేతులతో గుండెల ముందు పట్టుకున్నాను. ఇప్పుడు తేలిపోతుంది అనుకున్నాను.

కాగితం వైపు చూశాను. నీలంగా ఉంది.

ఏదో అనుమానం కాదు. నీళ్ళలో సిరాచుక్క కలిపినట్టు స్పష్టమైన నీలం. కాగితం తిప్పి చూశాను, వెనకవైపూ అంతే. అది మిల్లులో అన్నిటికంటే తెల్లనిదని నా చేత్తో నేనే రాసిచ్చిన కాగితం.

"తీసేసేను" అన్నాడు వెనకనుంచి అన్నియ్య.

"ఆగు. ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. మళ్ళీ తీద్దువుగాని."

కొంచెంసేపటికి తూర్పు కొండ అంచు వెలిగింది. సూర్యుడు ఇంకా రాలేదు, ఆకాశం మాత్రం మారింది. కాగితంలోకి గులాబీ ఛాయ దిగింది. నేను కదల్లేదు, కాగితం కదల్లేదు, రంగు మాత్రం నా చేతుల్లోనే మారిపోతోంది. అన్నియ్య మళ్ళీ తీశాడు. మళ్ళీ ఆగమన్నాను. అప్పుడు కొండ మీంచి మొదటి ఎండ వచ్చింది. అది వచ్చిన తీరు ఈ రోజుకీ నా కళ్ళ ముందుంది. ముందు అవతలి కొండల కొసలు వెలిగాయి, తర్వాత పొగమంచు పైపొర వెలిగింది, ఆ వెలుగు మెల్లగా వాలు మీదికి పాకుతూ మా దాకా వచ్చింది. అది సోకిన మేర వలిసె పూలు ఒక్కొక్క మడీ పచ్చబడుతూ వచ్చాయి. ఇంతసేపూ బూడిదగా ఉన్న కొండ ఇదేనా అనిపించింది. నా చేతిలో కాగితం పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టయింది.

అంతలో గాలికి కాగితం ఒక మూల వంగింది. వంగిన మూలకి ఎండ తగల్లేదు. అక్కడ ఇంకా నీలంగానే ఉంది. ఒకే కాగితం. సగం పసుపు, మూల నీలం. రెండూ నా కళ్ళ ముందే, ఒకేసారి.

"ఏదమ్మీ తెలుపు?" అన్నాడు అన్నియ్య. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. "సెప్పు, దాన్నే తీస్తాను."

నా ఉద్యోగమంతా నాలుగు గోడల మధ్య ఒకే దీపం కింద తెలుపుని చూశాను. అది ఆ దీపానికి తెలుపని, బయట ఆకాశం కింద దానికి గడియకో రంగని నాకు ఎప్పుడూ తోచలేదు. కిటికీలోంచి కనబడే కొండల మధ్యే అన్నేళ్ళున్నాను, వాటి మీద ఎండ పడుతుంటే ఒక్కరోజూ నిలబడి చూడలేదు. కళ్ళ నీళ్ళొచ్చాయి. ఏడుపని కూడా అనలేను.

"ఓలమ్మ, ఏటయింది?" అని వదిన పరిగెత్తుకొచ్చింది.

సంతకి బరువులెత్తుకుని పోతున్న ఆడవాళ్ళు కొందరు గట్టు కింద ఆగి మమ్మల్ని చూస్తున్నారు. ఒకామె దేశియాలో ఏదో అంది, మిగతావాళ్ళు పకపకా నవ్వారు. వదినకి ఆ భాష వచ్చు. "కాయితం తడిసిపోనాదా, ఎండబెట్టుకుంతన్నారా అని అడుగుతంది" అని చెప్పింది. నేనూ నవ్వేశాను. ఆ నవ్వులాటలోనే అన్నియ్య నన్ను పక్కకి జరగమని ఒక ఫొటో తీశాడు. కొండ అంచున సగం వచ్చిన సూర్యుడు, కింద పొగమంచు, ముందు వలిసె పూలు. కాగితం లేదు, మనిషి లేడు.

తిరిగొచ్చాక పాత దిద్దుబాట్లన్నీ చెరిపేశాను. ఆ చుక్కల గొట్టం జోలికి పోలేదు. ముందు ఒక్కో ఫొటో ఏ వేళదో చూసి, కొండ మీద ఆ వేళకి నా చేతిలో కాగితం ఏ రంగులో ఉందో గుర్తు తెచ్చుకునేదాన్ని. తర్వాత మీట వెంట్రుకవాసి జరిపి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి చూసేదాన్ని. కదలకుండా చూస్తే కన్ను దేనికైనా అలవాటు పడిపోతుంది, ఎంత తప్పు రంగైనా ఒప్పుగా కనబడుతుంది. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. నీడల్లో నీలాన్ని ఉండనిచ్చాను. ఎండ తగిలిన చోట పసుపుని ఉండనిచ్చాను. మధ్యలో మబ్బుగా ఉన్నదాన్ని మాత్రం కాస్త తేర్చాను. కొట్పాడ్ ఎరుపుకి వదిన చీరని కుర్చీ మీద వేసుకుని సరిచూసుకున్నాను. మా ఆయన చూసి, ఎవరి చీర అదీ అని కంగారుపడ్డారు.

తెర మీద అన్నియ్యకి నచ్చింది. ఇంక అచ్చు తీయించాలి. రాయగడలో ఒక ప్రెస్సుకి మా మిల్లు మంచి తెల్లకాగితం పంపించి, నమూనాలు తీయించాం. అవి ల్యాబుకి రాగానే బల్ల మీద పరిచి చూశాను. పూల పసుపులో పాచి ఛాయ వచ్చింది. సూర్యుడు ట్యూబులైటులా ఉన్నాడు. తెర మీద అంత వెచ్చగా ఉన్నది కాగితం మీదికి వచ్చేసరికి చల్లబడిపోయింది.

ప్రెస్సువాళ్ళు సిరా మార్చేశారని అనుమానమొచ్చింది. కాగితంలో మురికి చుక్కలు లెక్కచూసే భూతద్దం మా దగ్గర ఉంటుంది. అది తీసి సూర్యుడి మీద పెట్టి చూశాను. చుట్టూ ఆకాశంలో నీలం చుక్కలు, గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు, నల్లవి, ఇసుక చల్లినట్టున్నాయి. సూర్యుడి అంచుకి వచ్చేసరికి చుక్కలు పల్చబడ్డాయి. సూర్యుడి మధ్యలో ఏమీ లేదు. పీచు కనబడుతోంది. ఉత్త కాగితం.

ఇంకో ఫొటో చూశాను. నీటి మీద మెరుపు దగ్గర ఏమీ లేదు. పొగమంచు బాగా వెలిగిన చోట ఏమీ లేదు. ఎక్కడెక్కడ వెలుతురు ఎక్కువగా ఉందో అక్కడల్లా సిరా లేదు, మా కాగితమే ఉంది. అచ్చులో తెల్లసిరా ఉండదని నాకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా దాని అర్థం ఎన్నడూ ఆలోచించలేదు. ఏ పుస్తకంలో ఏ బొమ్మలో ఎండ కాసినా, దీపం వెలిగినా, పసిపిల్ల కంట్లో మెరుపున్నా, అక్కడున్నది ఏదో ఒక మిల్లు కాగితం. ఇన్నేళ్ళూ నేను టన్నుల లెక్కన పాస్ చేసి పంపినది అదన్నమాట. ల్యాబులో పక్కవాళ్ళు ఫ్యాను వేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను భూతద్దం మీంచి తల ఎత్తలేకపోయాను.

సూర్యుడు ఎందుకు చల్లబడ్డాడో అప్పుడు అర్థమైంది. మేం కలిపిన చిటికెడు నీలం అక్కడుంది. మిల్లులో గోధుమ ఛాయ కాగితం కూడా తయారవుతుంది, నోటుపుస్తకాలకి. దాని మీద తీయిస్తే తెల్లవారుజాము సాయంత్రమైపోయింది. నాకు ఆ రెండింటికీ మధ్యది కావాలి. అలాంటి సరుకు మిల్లు అమ్మదు. కానీ మెషీన్ ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకి మారేటప్పుడు మధ్యలో కొంత కాగితం ఇటూ అటూ కాకుండా దిగుతుంది. దాన్ని ఫెయిల్ చేసి, చింపి, మళ్ళీ గుజ్జులో కలిపేస్తారు. ఆ వారమే అలాంటి రీలు ఒకటి ఫెయిల్ చేశాను నేను.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. రీలు ఇంకా గోడ పక్కనే ఉంది. షిఫ్టు ఆఫీసరు కటక్ వైపు మనిషి, నన్ను దీదీ అనేవాడు. అందులోంచి కొన్ని షీట్లు కావాలని అడిగితే తెల్లబోయాడు.

"దీదీ, మీరేగా దీన్ని ఫెయిల్ చేశారు?"

"చేశాను. ఇప్పటికీ ఫెయిలే. నాకు మాత్రం కావాలి."

అతను నా ముఖంలోకి చూసి, ఒంట్లో బాగుందా అని హిందీలో అడిగి, షీట్లు కోయించాడు. వాటి మీద మళ్ళీ అచ్చు తీయిస్తే సూర్యుడిలో వెచ్చదనం తిరిగొచ్చింది.

పెద్దసారు ముందుకి వెళ్ళిన రోజు అన్నియ్య లోపలికి రాలేదు. "నాకు గుండె దడగుంది, నువ్వెల్లు" అని సైకిల్ స్టాండులో కూర్చుండిపోయాడు. పెద్దసారు బల్ల మీద అప్పటికే ఏటా క్యాలెండరు వేసే ప్రెస్సువాళ్ళు పంపిన కొత్త నమూనా ఉంది. ఈసారి మంచుకొండ ముందు సరస్సు కూడా పెట్టారు. దాని పక్కన మా ఫొటోలు పరిచాను. సారుది ఇక్కడి ఊరు కాదు, ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకి మారుతూ వచ్చిన మనిషి, పొడిగా మాట్లాడతారు. వలిసె పూల కొండని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. చూస్తున్నది బొమ్మనే అనుకున్నాను నేను. ఆయన కాగితం అంచుని బొటనవేలితో రుద్దారు.

"ఇది పసుపుగా ఉంది. ఎవరు పాస్ చేశారు దీన్ని?"

"ఎవరూ చెయ్యలేదు సార్. నేనే ఫెయిల్ చేశాను."

"ఫెయిలైన కాగితం మీద కంపెనీ క్యాలెండరా? డీలర్లు చూస్తే ఏమనుకుంటారు? మీరు అడుగుతున్నారా ఈ మాట?"

తెలుపు గురించి నాకంటే కచ్చితంగా ఉండే మనిషి మిల్లులో లేరని ఆయనే ఒకప్పుడు అందరి ముందూ అన్నారు. ఇప్పుడు ఏం చెప్పినా ఆ పేరు పోతుంది. సైకిల్ స్టాండులో కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాను.

"సార్, సూర్యుడి మీద పెట్టి ఒక్కసారి చూడండి."

చూశారు. మళ్ళీ చూశారు. "ఇక్కడ సిరా లేదు" అన్నారు.

"లేదు సార్. అది మన కాగితం. మనం నీలం కలిపిన కాగితమైతే ఆ సూర్యుడు ఇలా ఉంటాడు" అని మొదటి నమూనా పక్కన పెట్టాను.

ఆయన భూతద్దాన్ని ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి జరుపుతూ ఉండిపోయారు. ఫోను మోగితే ఎత్తలేదు. చివరికి తల ఎత్తి, ఎప్పుడూ నవ్వని మనిషి కొంచెం నవ్వారు. "ఎన్ని మిల్లుల్లో పనిచేశాను నేను! ఇది ఎవరూ చూపించలేదు" అన్నారు. డీలర్లకి మంచుకొండలే వెళ్తాయని, ఆ ఫెయిలైన రీలు సరిపోయినంత వరకు ఉద్యోగులకి మా కొండలు కొట్టించమని చెప్పారు. పూర్తి గెలుపు కాదు. నాకు, అన్నియ్యకి అది చాలు.

సైకిల్ స్టాండుకి వెళ్ళి చెబితే, అన్నియ్య లేచి నిలబడి, "అప్ప పేరు మీద ఒకటి పక్కనెట్టమను" అన్నాడు.

ఆ రీలుతో కాలనీ వరకు క్యాలెండర్లొచ్చాయి. అలాంటి ఛాయ మళ్ళీ దిగలేదు, ఎవరికీ కొలత తెలియదు కాబట్టి కావాలన్నా చెయ్యలేం. కొత్త సంవత్సరానికి అన్నియ్య క్వార్టరు ఖాళీ చేసి వదినతో ఊరెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి ల్యాబులో ఉండగా ఫోను చేశాడు. అప్ప నీతో మాట్లాడుతుందట అని ఆవిడకి ఇచ్చాడు. ముసలి గొంతు, గట్టిగా.

"అమ్మీ, నువ్వేనేటి ఈ బొమ్మకి రంగులేసినదానివి?"

"నేను వెయ్యలేదమ్మా. ఉన్నవే, పోకుండా చూశానంతే."

"బాగున్నాది. కల్లకి దగ్గిరగా ఎట్టుకుని సూసేను. మంచుకొండ నేదు, ఏటీ నేదు. ఇంత పచ్చగున్న సోట ఉన్నాడు, నానే బెంగెట్టుకుని సచ్చేను." క్యాలెండరు కాగితం చప్పుడైంది. "బొమ్మంతా ఎతికేను. మావోడెక్కడా కనబడ్డం నేదేటి?"

ఆ ఫొటోలో మనిషి లేడు. "బొమ్మ తీసింది ఆయనే కదమ్మా. తీసే మనిషి బొమ్మలో ఉండడు. ఈ వైపు ఉంటాడు. ఇప్పుడు మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో, సరిగ్గా అక్కడే నిలబడి తీశాడాయన" అన్నాను.

అటుపక్క ఆవిడ అడుగు సర్దుకున్న చప్పుడు వినబడింది.

"అయితే ఇప్పుడు ఆడు నిలబడ్డ సోటే నానూ నిలబడ్డానన్నమాట" అంది ఆవిడ, ఎవరితోనో కాదు, తనలో తను.

తర్వాత ఫోను అన్నియ్య తీసుకుని, "ఉంటానమ్మీ" అని పెట్టేశాడు. మెషీన్ నుంచి కొత్త ముక్క వచ్చి నా బల్ల మీద ఎదురుచూస్తోంది.